నీలమ్మకు ఒడిబియ్యం

ఈరయ్య మీసం పెంచుతున్నాడన్న కబురు ఊరంతా తిరిగేసరికి అది సగం మొలిచే ఉంది. నవ్వకండి. తాండూరు చుట్టుపక్కల మగవాళ్లందరికీ మీసాలున్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఈరయ్య సంగతి వేరు. రజాకార్ల గొడవ సద్దుమణిగి, జనం మళ్లీ ధైర్యంగా వీధిలో చాపలు పరుచుకుని కూర్చున్న ఏడు అతను బాగోతంలో మొదటిసారి రాణి వేషం కట్టాడు. ఆనాటి నుంచి పొద్దున లేస్తే ముందు మూతి మీద కత్తి ఆడాలి, తర్వాతే గొర్రెల దొడ్డి తడక తీయాలి. అలాంటి మనిషి కత్తిని మూలన పడేశాడంటే కడుపులో ఏదో గట్టిగానే కాలి ఉండాలి.

కాలింది నర్సప్ప వల్ల. కాదు కాదు, నర్సప్ప పక్కన నిలబడిన ఆడమనిషి వల్ల.

నర్సప్పది రాజు వేషం. రాజు నర్సప్ప, రాణి ఈరయ్య అంటే బంట్వారం నుంచి, బొంరాస్‌పేట నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. నర్సప్పకు దేవుడు గొంతు ఇచ్చాడు గానీ జ్ఞాపకం ఇవ్వలేదు. పదం మరిచిపోయినప్పుడల్లా ఈరయ్య కొంగు సర్దుకుంటున్నట్టు పక్కకు తిరిగి మెల్లగా అందించేవాడు. జనం అది సిగ్గనుకుని మురిసిపోయేవాళ్లు. ఈరయ్యకు ఇల్లుంది, పెళ్లాం రామమ్మ ఉంది, పిల్లలున్నారు, గొర్రెలున్నాయి. అన్నీ ఉన్నా, లోకంలో నీ చోటు ఎక్కడయ్యా అని ఎవరైనా అడిగితే మాత్రం నర్సప్ప ఎడమ పక్కన అనేవాడు. ఆ చోటు కోసమే బతికాడంటే అబద్ధం కాదు.

అలా ఉండగా హైదరాబాదు నుంచి రేడియో వాళ్లు తాండూరు వచ్చారు. పల్లెవాళ్ల కోసం వారం వారం ఒక నాటకం చెప్పిస్తారట, అందులో మనుషులు అచ్చం ఇక్కడి వాళ్లలాగే మాట్లాడాలట. బడి గదిలో మైకు నిలబెట్టి ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడించారు. నర్సప్ప రెండు మాటలనగానే అధికారి కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత ఈరయ్య వంతు వచ్చింది. కాటుక పెట్టుకుని, గాజులు వేసుకుని మరీ పోయాడు పాపం. రాణి ఏడుపు ఏడ్చాడు. ఆ ఏడుపులో సగం చేతుల్లో ఉంది, మిగిలిన దాంట్లో సగం కళ్లలో ఉంది. అలవాటు కొద్దీ మొహం తిప్పుకునేసరికి గొంతు గోడ వైపు పోయింది, మైకులోకి గాజుల చప్పుడొక్కటే పోయింది.

"మీరు చూడ్డానికి చాలా బాగున్నారండీ," అన్నాడు ఆ ఆంధ్రా అధికారి మర్యాదగానే. "వినడానికే రావడం లేదు. అయినా ఆడవేషానికి మాకు ఆడమనిషే దొరుకుతుంది లెండి."

దొరికింది. నాటకం పేరు 'నీలమ్మ కాపురం'. చంద్రప్ప అనే రైతు, అతని పెళ్లాం నీలమ్మ, వాళ్ల పొలం, వాళ్ల పోట్లాటలు. నీలమ్మ తాండూరు ఆడబిడ్డ అని, తల్లీ తండ్రీ లేరని మొదటి వారమే చెప్పారు. అంతే, తాండూరు చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఆమెను తమ పిల్ల చేసుకున్నాయి. చావడిలో పంచాయతీ రేడియో పెట్టారు. శుక్రవారం పొద్దుగూకే వేళ పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలి ఆడవాళ్లు చావడికి వచ్చేసేవాళ్లు. బ్యాటరీ అయిపోయి రేడియో మూగబోయిన వారం సర్పంచు ఇంటి మీదికి పోయి చేసిన రభస ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక నర్సప్ప వైభోగం ఏమని చెప్పాలి. తాండూరు అంగట్లో ఉల్లిగడ్డ ధర అడిగితే చాలు, చుట్టూ పది తలలు తిరిగేవి. శుక్రవారం రేడియోలో నీలమ్మను కసిరాడంటే శనివారం బావి దగ్గర అతనికి నీళ్లు పోసే ఆడది లేదు. "పోయి మీ నీలమ్మనే అడుగు, ఆమె పోస్తది," అని మొహం మీదే అనేవాళ్లు. బస్సులో కండక్టరు లేచి చోటిచ్చి, "నీలమ్మ వదినె బాగున్నదా అన్నా," అని అడిగేవాడు. మొదట్లో నర్సప్ప సిగ్గుపడ్డాడు. ఏళ్లు గడిచేకొద్దీ, "బాగున్నది, జర దగ్గు వచ్చింది గంతే," అని జవాబు చెప్పడం నేర్చాడు. గురువారం పొద్దున రైలెక్కి పోవడం, శుక్రవారం రాత్రికి తిరిగి రావడం. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు. ఊళ్లో అతన్ని నర్సప్ప అని పిలిచేవాళ్లే తగ్గిపోయారు, అందరికీ చంద్రప్పే.

ఈరయ్య చావడికి వచ్చేవాడు కాదు. చావడి వెనక గోడకు ఆనుకుని, గొంగడి కప్పుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడేవాడు. ఒక్క మాట వదలకుండా వినేవాడు. వింటూ లోపల్లోపల కుళ్లిపోయేవాడు. అక్కడ గుక్క తిప్పుకోవద్దు. ఇక్కడ అంత మెత్తగా అనొద్దు, అలిగిన ఆడది అలా అంటుందా. ప్రతి మాటకూ వంక పెట్టేవాడు. కానీ ఒక్కోసారి ఆమె ఏదో అనేది, వంక దొరికేది కాదు. ఆ రోజు ఈరయ్యకు అన్నం సహించేది కాదు. చివర్న పేర్లు గబగబా చదివేవాళ్లు. ఎవరూ వినేవాళ్లు కాదు, అప్పటికే లేచి చెంగులు దులుపుకుంటూ ఉండేవాళ్లు. ఈరయ్య ఒక్కడే వినేవాడు. నీలమ్మగా రాహేలమ్మ, వికారాబాదు.

"ఆ పేరు పలికితె నీ పండ్లు కొరుకుడు నాకు ఇనొస్తుంది," అంది రామమ్మ ఒక రోజు. "సవతి నాకు రావాలె గాని నీకొచ్చిందేందయ్యా."

మాట సరదాకే అన్నా సూటిగా తగిలింది.

నర్సప్ప లేక బాగోతం చల్లబడింది. బీరన్నకు రాజు వేషం కట్టి చూశారు. అతను రాణి వైపు చూడమంటే తన చెప్పుల వైపు చూసేవాడు. నర్సప్ప ఒకటి రెండుసార్లు ఊరి జాతరకు వేషం కట్టాడు గానీ, మైకు ముందు మెత్తగా మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు వీధి చివరకు చేరడం మానేసింది. వెనక కూర్చున్నవాళ్లు ఇనొస్తలేదని అరిచారు. ఆ మర్నాడే ఈరయ్య కత్తి పారేశాడు.

"గీ మీసమేందిరా," అని అడిగాడు నర్సప్ప, మొలిచాక చూసి.

"నీకెందుకు. నీ పెండ్లానికి లేదు గద."

నర్సప్ప ఏదో చెప్పబోయాడు. ఈరయ్య గొర్రెల్ని అదిలించుకుంటూ పోయాడు.

ఆ తర్వాత రేడియోలో నీలమ్మ నెల తప్పింది.

ఏళ్ల తరబడి పిల్లల్లేక నీలమ్మ పడ్డ మాటలన్నీ ఊరి ఆడవాళ్లే పడ్డట్టు ఉండేది. ఆ శుక్రవారం చావడిలో ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మర్నాటికల్లా భాగమ్మ మాట తేల్చేసింది. ఊళ్లో పెళ్లి పాటకైనా, చావు ఏడుపుకైనా ముందు గొంతెత్తేది భాగమ్మే, ఆమె మాటంటే ఆడవాళ్లకు మాటే.

"తల్లి లేని పిల్ల. కడుపుతోని ఉన్నది. తల్లిగారింటి ఒడిబియ్యం ఎవరు పోస్తరు? మనమే పోయాలె. వచ్చే ఆదివారం నీలమ్మను తోలుకరమ్మని చంద్రప్పకు చెప్పండ్రి."

ఈ మాట ఈరయ్య చెవిన పడ్డప్పుడు అతను గొర్రెకు నెత్తురు పీల్చే పిడుదులు తీస్తున్నాడు. చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఒడిబియ్యం అతనిది. అవును, బాగోతంలో రాణికి పెళ్లయ్యే ఘట్టం వచ్చిందంటే ఊరి ఆడవాళ్లు నిజంగానే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ పట్టుకుని లేచి వచ్చి ఈరయ్య ఒళ్లో పోసేవాళ్లు. పోస్తూ కళ్లు తుడుచుకునేవాళ్లు. పుట్టింటి నుంచి ఆడబిడ్డను పంపుతున్నట్టు తల నిమిరేవాళ్లు. రాజు వేషానికి చప్పట్లు, రాణి వేషానికి ఒడిబియ్యం. ఈరయ్యకు అంతకు మించిన బిరుదు లేదు. నర్సప్పను తీసుకుపోయింది, సరే. ఇప్పుడు ఈ ఆడవాళ్లను కూడా తీసుకుపోతుందా? 

గురువారం గొంగళ్లు అమ్మాలని రామమ్మకు చెప్పి వికారాబాదు పోయాడు. గొంగళ్లు తీసుకుపోవడం మరిచిపోయాడు, అది వేరే విషయం. స్టేషన్‌లో వేపచెట్టు కింద కూర్చుని చూశాడు. రంభలాంటి ఆడమనిషిని ఊహించుకున్నాడు ఇన్నేళ్లూ. తాండూరు నుంచి ప్యాసింజరు వచ్చింది. నర్సప్ప దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న ఒక బక్కపలచని మనిషితో మాట్లాడాడు. తెల్ల చీర, కళ్లద్దాలు, చేతిలో టిఫిను సంచి, నుదురు ఖాళీ. ఇద్దరూ బండెక్కి ఎదురెదురుగా కిటికీ పక్కన కూర్చుని చేతులు ఊపుతూ మాటలు అప్పజెప్పుకుంటూ ఉండగానే రైలు కదిలింది.

"ఎవరామె," అని అడిగాడు చాయ్ అమ్మేవాణ్ని.

"రాహేలమ్మ టీచరమ్మ. మిషను బళ్లె చెప్తది. చర్చిల మస్తుగ పాడుతది. పాపం, మొగడు పోయి శాన ఏండ్లాయె."

ఈరయ్య ఆ చాయ్ ఎంత రుచిగా తాగాడంటే ఇంకొకటి చెప్పాడు. ఒడిబియ్యం ముత్తైదువకు పోసేది. మొగుడు లేని మనిషికి పోయడమంటే ఊరి ఆడవాళ్లు చెవులు మూసుకుంటారు. ఇన్నేళ్ల కడుపుమంట చల్లార్చే మాట ఒక్కటి దొరికింది. ఇంటికి తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాటను నోట్లో చెరుకు ముక్కలా చప్పరించాడు.

శనివారం భాగమ్మ వాకిట్లో ఆడవాళ్లు బియ్యానికి పసుపు పట్టిస్తున్నారు. ఈరయ్య పోయి గడప దగ్గర నిలబడ్డాడు.

"భాగక్కా, ఒక మాట చెప్పాలె. చెప్పకపోతె పాపం తగుల్తది. ఆమె పేరు నీలమ్మ గాదు, రాహేలమ్మ. వికారాబాదుల టీచరు. ఆమెకు మొగడు లేడు. చచ్చిపోయి ఏండ్లయింది. నా కండ్లతోని చూసొచ్చిన. తెల్లచీర కట్టుకున్నది."

బియ్యం కలిపే చేతులు ఆగాయి. ఈరయ్య గుండె ఉప్పొంగింది. భాగమ్మ చేతికంటిన పసుపు చేటకు తుడిచి, అతని వైపు తిరిగింది.

"గందుకని నువ్వు వికారాబాదు దంక పోయినవా తమ్మీ?"

"మీరు మోసపోతరని."

"మరి నీకు పోసినప్పుడు నీకు మొగడుండెనా?"

ఈరయ్య చెయ్యి మీసం మీదికి పోయింది.

"మొగడు సంగతి అట్లుంచు. నువ్వు ఆడదానివా? పొద్దుగాల గొర్లు కాసేటోనివని మాకెరుక లేదా? పసుపు బియ్యం పట్టుకొని మేం ఎదురుంగ నిలబడితె నీ దవడ మీద కత్తి గాట్లు కనవడుతుండె. అయినా పోసినం. ఎందుకు పోసినం? మేం పోసింది నీకు గాదు, రాణికి. రేపు పోసేది రాహేలమ్మకు గాదు, నీలమ్మకు. నీలమ్మ మొగడు చంద్రప్ప దుడ్డుకర్రలెక్క ఉన్నడు. మాకు ఎవరు ఎవరో తెల్వదనుకున్నవా ఇన్నొద్దులు?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నవ్వు ఎగతాళిది కాదు, ఇంట్లో మనిషిని చూసి నవ్వినట్టే నవ్వారు. అయినా ఈరయ్యకు తల ఎత్తడం కష్టమైంది. ఇంటికి పోయి గొంగడి ముసుగు పెట్టి పడుకున్నాడు. ఒడిబియ్యం తన ఒళ్లో పడ్డాయి గానీ ఎప్పుడూ తనవి కావని అంతకు ముందు ఎవరూ అతనికి చెప్పలేదు.

ఆదివారం పోకూడదనుకున్నాడు. పోకుండా ఉండలేకపోయాడు. భాగమ్మ ఇంటి పక్క సందులో, కందికట్టె మోపుల మీద కూర్చున్నాడు. వాకిట్లో రెండు పీటలు వేశారు. ఎడ్లబండి వచ్చి ఆగింది. ముందు నర్సప్ప దిగాడు, అతని వెనక తెల్ల చీర దిగింది. వాకిలి నిండా ఉన్న ఆడవాళ్లు ఒక్కసారి చప్పబడిపోయారు. ముందే తెలిసినా, కంటితో చూడడం వేరే కదా.

"దండాలమ్మా," అంది రాహేలమ్మ.

ఆ ఒక్క మాటతో వాకిలి మారిపోయింది. చావడిలో ఇన్నేళ్లు విన్న గొంతు అది. ఒకామె అప్పుడే ముక్కు చీదేసింది. భాగమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుని పీట దగ్గరకు తీసుకొచ్చింది.

"కూసో బిడ్డా."

రాహేలమ్మ కూర్చోలేదు. కళ్లద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది.

"అమ్మా, నర్సప్పన్న అంతా చెప్పిండు. నేను విధవనని మీకెరుకేనట. అయినా పోస్తమంటున్నరట. మీ మనసు పెద్దది. కానీ నేను కూసోను. మీరు నీలమ్మకే పోస్తరు, నిజమే. నీలమ్మకు ఒడి లేదు గదమ్మా. ఉన్న ఒడి నాది. నా ఒళ్లె పడితె నాకు పోసినట్లే అయితది. నా మొగడు పోయినంక ఈ పసుపు బియ్యం నేను ముట్టలేదు. నాటకానికని ఇప్పుడు ముట్టుకుంటె నాకు నిద్ర వట్టదు."

 ఎవరికీ కోపం రాలేదు, ఎందుకంటే ఆ మాటలో తప్పు లేదు. కానీ బియ్యానికి పసుపు పట్టించారు. పసుపు పట్టించి ఆడబిడ్డ పేరు చెప్పి ఎత్తిన బియ్యం మళ్లీ గరిశెలో పోస్తే ఆ ఇంటి ఆడబిడ్డకు కీడని ఆ ఊళ్లో నమ్మకం. నీలమ్మ కడుపుతో ఉందాయె. ఐదుగురు ముత్తైదువలు చేటలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. సందులో ఈరయ్య మోపు మీద నుంచి ముందుకు వంగి చూస్తున్నాడు. భాగమ్మ చూపు వాకిలంతా తిరిగి అతని మీద ఆగింది.

"ఈరయ్యా, ఇటు రా. వచ్చి కూసో."

"నేనా?"

"ఇంకెవరున్నరు ఊళ్లె, గీ పని తెలిసినోడు."

"మీసమున్నదక్కా."

"ఉంటె ఉండనియ్. చెంగు కప్పుకో."

ఎవరో ఆకుపచ్చ చీర తెచ్చి అతని ధోవతి మీదే చుట్టారు. చెంగు మూతి మీదికి లాగి ఈరయ్య పీట మీద కూర్చున్నాడు. పక్క పీట మీద నర్సప్ప కూర్చున్నాడు. మళ్లీ నర్సప్ప ఎడమ పక్క చోటు. ఎన్నేళ్లయింది.  ఇంత తేలిగ్గా ఆ చోటు తిరిగి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"నీలమ్మా, నువ్వు తలుపు చాటున కూసొని మాట్లాడు బిడ్డా," అంది భాగమ్మ. "ఒడి ఈరయ్యది, మాట నీది."

రాహేలమ్మ లోపలి గది తలుపు వెనక్కి పోయింది. మొదటి ముత్తైదువ దోసిలి నింపి ఈరయ్య ఒళ్లో పోసింది. అప్పుడు తలుపు వెనక నుంచి ఆ గొంతు వచ్చింది.

"అమ్మా," అంది. అని ఆగింది. ఊపిరి లోపలే ఆపి, వదలకుండా ఆగింది. అంతే.

తల్లిని పోగొట్టుకున్న ఆడబిడ్డ ఎవరైనా ఆ వాకిట్లో ఉంటే, ఉన్నారు చాలామంది, వాళ్లందరికీ అక్కడే కట్ట తెగింది. భాగమ్మ ఏడ్చింది. పోసేవాళ్లు ఏడుస్తూ పోశారు. ఈరయ్య కళ్లెత్తి చూశాడు. దోసిళ్లు అతని ఒళ్లోకే వస్తున్నాయి, చూపులు మాత్రం అన్నీ తలుపు వైపే ఉన్నాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అతని మొహం చూడలేదు. ఒకామె దోసిలి సగం పీట మీద పోసింది, ఒడి ఎక్కడుందో కూడా చూసుకోలేదు. చివరికి నర్సప్ప కూడా ఆ గొంతు వైపే తల తిప్పి ఉన్నాడు. ఒడి నిండింది. ఈరయ్యకు మాత్రం తను గంప అయిపోయినట్టు అనిపించింది.

అందరూ భోజనాలకు లేచాక, చీర చెంగులో మూటగట్టిన బియ్యం పట్టుకుని పెరట్లోకి పోయాడు. రాహేలమ్మ అక్కడ తొట్టి దగ్గర మొహం కడుక్కుంటోంది. ఈరయ్య చెంగు మూతి మీద నుంచి లాగేశాడు.

"నీ మీద నాకు కుళ్లు," అన్నాడు. దాచుకునే ఓపిక అయిపోయింది అతనికి. "ఇయ్యాల పుట్టింది గాదు. నువ్వు రేడియోల మాట్లాడుడు మొదలువెట్టినప్పటి సంది. నిన్ను చూసెటందుకు వికారాబాదు దంక వచ్చిన. నీ గురించి చెడ్డగ చెప్పిన నిన్న, ఈ ఆడోళ్లకు."

రాహేలమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. ఆకుపచ్చ చీర, మీసం, గొర్రెలు కాసి నల్లబడ్డ చేతులు.

"నువ్వేనా అన్నా ఈరయ్యవు?"

"నేనే."

"నేను ఇక్కడికి ఒడిబియ్యానికి రాలేదన్నా. వద్దని నర్సప్పన్నతోనే చెప్పి పంపేదాన్ని. నిన్ను చూద్దామని వచ్చిన." గొంతులో ఇప్పుడు నీలమ్మ లేదు, రోజూ పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఉంది. "ఇన్నేండ్లల్ల నర్సప్పన్న ఒక్క గురువారం వదలలేదు. రైల్ల కూసుంటె చాలు, నేనొక మాట చెప్తె, ఈరయ్య అయితె గట్ల అనడు చెల్లె, గిట్ల అంటడు అనేటోడు. నేనిట్ల నవ్వితె, ఈరయ్య అయితె నవ్వకముందు తల వంచుతడు అనేటోడు. నేను రాసుకున్నవన్ని కొట్టేసి, ఈరయ్య ఈరయ్య. ఆ పేరు ఇంటె నాకు ఒళ్లు మండేది. ఎవరా మనిషి, ఎంత సక్కదనముంటదో, ఒక్కసారి చూడాలె అనుకుంటుంటి."

ఈరయ్య తొట్టి గోడ మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లు గోడ చాటున నిలబడి అతను వెతికిన వంకలన్నీ నర్సప్ప రైల్లో ముందే పెట్టాడన్న మాట. ఆ మూగ మొద్దు ఒక్కనాడు తనతో చెప్పలేదు.

"ఏదీ, మళ్లొకసారి చెప్పు. ఏమనేటోడు?"

"ఈరయ్య అయితె గిట్ల అంటడు."

"ప్రతి గురువారమా?"

"ప్రతి గురువారం."

ఈరయ్య మొహం పసిపిల్లాడి మొహమైపోయింది. ఇంకా ఆశ చావక, అడగనే అడిగాడు.

"మరి ఇందాక తలుపు ఎనక అమ్మా అని ఊపిరి పట్టినవు గద. అది గూడ నాదేనా? నర్సప్ప చెప్పిందేనా?"

"కాదు," అంది రాహేలమ్మ వెంటనే. "అది నాది. మా అమ్మ పోయిన్నాడు వచ్చింది. అది మాత్రం నేనెవ్వరికి ఇయ్య."

ఈరయ్యకు మళ్లీ చురుక్కుమంది. నిజం చెప్పొద్దూ, బాగానే మంటెత్తింది. పదిహేనేళ్లు రాణి ఏడుపు ఏడ్చాడు, ఆ ఊపిరి ఒక్కసారి రాలేదు అతనికి. ఇంట్లో నుంచి నర్సప్ప పిలుస్తున్నాడు, రైలు వేళవుతోందని. ఈరయ్య మూట విప్పాడు.

"సంచి తియ్యి."

"వద్దన్నా. చెప్పిన గద, నేను ముట్టను."

"ఇది ఒడిబియ్యం గాదు. బాగోతంల వచ్చిన బియ్యం తెల్లారి వేషగాళ్లు పంచుకుంటరు. అది మా జట్టు పద్ధతి. నీలమ్మ వేషం ఇయ్యాల ఇద్దరం కట్టినం. సగం నీది."

రాహేలమ్మ తొట్టి పక్కన పెట్టుకున్న టిఫిను సంచి అందుకుంది. టిఫిను గిన్నె తీసి పక్కన పెట్టి సంచి నోరు తెరిచి పట్టుకుంది. ఈరయ్య బియ్యం రెండు కుప్పలు చేశాడు, కుడుకలు విడదీశాడు, ఖర్జూరాలు విడదీశాడు. ఎక్కడా ఎక్కువ తక్కువ రానివ్వలేదు. ఆమె వాటా సంచిలో పోశాడు. తన వాటా మూట కట్టబోతూ ఆగాడు. పళ్లు బిగబట్టి, తన కుప్పలోంచి ఇంకో దోసెడు తీసి ఆమె సంచిలో వేశాడు.